వాషింగ్టన్ పళ్లు చెక్కవి కావు



అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ చెక్క పళ్లు పెట్టుకునేవాడని పిల్లలు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఈ నెల ఏడో తరగతిలో ఆ మాట మీదే ఒక పాఠం చెప్పుకున్నాం. అది నిజం కాదు.

1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో మిగిలిన సొంత పన్ను ఒక్కటే. న్యూయార్క్ దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ నీటిగుర్రం దంతాన్ని చెక్కి, దానికి మనుషుల పళ్లు బిగించి కట్టుడు పళ్లు చేసిచ్చాడు. మిగిలిన ఆ ఒక్క పన్ను దూరడానికి అందులో కన్నం కూడా పెట్టాడు! మౌంట్ వెర్నన్ మ్యూజియంలో ఉన్న మరో సెట్‌కు అడుగుభాగం సీసం. పై వరుసనూ కింది వరుసనూ కలిపేవి స్ప్రింగులు. అవి ఎప్పుడూ నోటిని తెరవాలనే చూస్తాయి. పెదాలు మూసి ఉంచాలంటే దవడలు బిగబట్టాల్సిందే. దంతం మరకలు పడి, సన్నగా బీటలు వారితే చెక్కలా కనిపిస్తుంది. చెక్క పళ్ల కథ అలా పుట్టిందని చరిత్రకారులు అంటారు.

మరి మనుషుల పళ్లు ఎక్కడివి? పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. 1784 మే నెలలో వాషింగ్టన్ పద్దు పుస్తకంలో ఒక ఖర్చు ఉంది. దంతవైద్యుడి లెక్క కింద, 9 పళ్లకుగాను నల్లజాతి వారికి 6 పౌండ్ల 2 షిల్లింగులు. ఆయన ఎస్టేట్‌లో వందల మంది బానిసలు ఉండేవారు. "డబ్బులిచ్చారు కదా మేడమ్" అంది ఒకమ్మాయి. "యజమాని అడిగితే బానిస కాదనగలడా?" అన్నాడు పక్క బెంచీ అబ్బాయి. బెల్ కొట్టినా ఆ వాదన తెగలేదు. ఇంట్లోనూ సాగి ఉంటే సంతోషం.

నిజంగా చెక్క పళ్లు వాడినవాళ్లు జపాన్‌వారు. మైనంతో చిగుళ్ల అచ్చు తీసి, గట్టి చెక్కను సరిగ్గా అతికేలా చెక్కేవారు. స్ప్రింగుల పనే లేదు. పాశ్చాత్య దేశాల్లో కట్టుడు పళ్లు మామూలు వాళ్లకు అందింది 1850ల తర్వాతే, గట్టి రబ్బరు వచ్చాక.

ఒకటో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆరేళ్ల వయసులో పాల దంతాల వెనక మొదటి శాశ్వత దంతాలు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి చాలామంది వాటినీ పాల పళ్లే అనుకుంటారు. ఈ రాత్రి బ్రష్ చేయించేటప్పుడు టార్చ్ వేసి వెనకదాకా చూడండి.