వోల్టేజి తగ్గినప్పుడు జరుగునదేమి?

ఒకనాడు తరగతిలో మేమిట్లు ప్రశ్నించితిమి: "ఇస్త్రీపెట్టెకు నిరోధమెక్కువా, చిన్న బల్బునకెక్కువా?" ఇస్త్రీపెట్టెకే యని అందరును ఏకకంఠముగా పలికిరి. ఎక్కువ వేడి పుట్టించునది గనుక ఎక్కువ నిరోధము గలదై యుండునని వారి ఊహ. ఇంటిలో పెద్దలనడిగినను పలువురు ఈ సమాధానమే చెప్పుదురు. లెక్క చేసి చూతము.

వోల్టేజిని కరెంటుచే భాగించిన నిరోధము వచ్చును. దాని కొలత ఓము. వోల్టేజిని కరెంటుచే గుణించిన సామర్థ్యము వచ్చును; దాని కొలత వాటు. మొదటి లెక్కకు ఆధారమైన నియమమును 1827లో గ్రంథస్థము చేసిన జర్మను పండితుడు జార్జి సైమన్ ఓము, అంతకు ముందు కొలోను నగరమున పాఠశాలోపాధ్యాయుడు. మన నిరోధమునే తమిళ పుస్తకములు మిన్‌తడై అనును. పేరు మారినను ఓము మారదు; ప్రక్క తరగతి మిత్రుని పుస్తకము చూచి కలతపడ నక్కరలేదు.

వోల్టేజి 230 అనుకొందము. ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్లు తీసికొన్నచో నిరోధము 57.5 ఓములు, సామర్థ్యము 920 వాట్లు. తీగ కాగి వెలుగు పాతరకపు బల్బు 0.25 ఆంపియరు తీసికొన్నచో నిరోధము 920 ఓములు, సామర్థ్యము 57.5 వాట్లు. అంకెలు తారుమారైనవి, ఇది అచ్చుతప్పు గాదు. నిరోధమును సామర్థ్యముచే గుణించినప్పుడు కరెంటు కొట్టివేయబడి, వోల్టేజి వర్గము మాత్రమే మిగులును. ఇచట అది 52,900. ఆ లబ్ధము రెండింటికిని ఒక్కటే గనుక, ఒకటి పెరిగిన రెండవది తగ్గవలసినదే. అయితే ఈ 920 ఓములు వెలుగుచున్న బల్బునకే. ఆరిన బల్బును కొలిచిన ఇందులో పదవవంతు కూడ ఉండకపోవచ్చును.

ఇంటి తీగలను విప్పి కరెంటును కొలువబోరాదు. ఉపకరణముపై వ్రాసియున్న వాట్లను 230చే భాగించిన ఆంపియర్లు తెలియును.

సాయంకాలము వోల్టేజి 180కి దిగినదనుకొనుడు. ఇస్త్రీపెట్టె తీగ నిరోధము ఇంచుమించు మారదు. 180 వర్గమును 57.5చే భాగింపగా సుమారు 563 వాట్లు. వోల్టేజి అయిదవవంతుకు కొంచెము మించి తగ్గగా, వేడి అయిదింట రెండు వంతుల మేర తగ్గినది. బట్ట నలుగుట పోదు. అంతకు మించి నష్టము లేదు.

పొలములోని బోరుమోటారు సంగతి వేరు. తిరుగుచున్న మోటారులో ఎదురు వోల్టేజి పుట్టును గనుక, వోల్టేజిని కరెంటుచే భాగించిన వచ్చునది చుట్టతీగ నిరోధము కాదు. పైగా నీరు తోడు బరువు తగ్గదు. వోల్టేజి తగ్గిన మోటారు ఎక్కువ కరెంటు లాగికొనును. చుట్టలోని వేడి కరెంటు వర్గమును బట్టి పెరుగును. 10 ఆంపియర్లు తీసికొనవలసినది 12 తీసికొన్నచో, 100 పాళ్ళుగా నుండిన వేడి 144 పాళ్ళగును. అప్పుడు స్టార్టరులోని రిలే మోటారును ఆపివేయును. రిలే మాటిమాటికి ఆపుచున్నదని దానిని తప్పించి మోటారు నడుపు రైతులను మేమెరుగుదుము. వారి బిడ్డలు మన తరగతులలోనే ఉన్నారు. ఈ ఒక్క లెక్కను ఇంటిలో పలకపై చేసి చూపుడు: వోల్టేజి మరింత దిగి కరెంటు 15 ఆంపియర్లయినచో చుట్టలోని వేడి ఎన్ని పాళ్ళగును?