ఒకే సైన్సు, మూడు ఇండెక్సులు: నానో ఎడిటర్ చల్లా కుమార్ పని నుంచి మనం నేర్చుకునేది

ఫైనల్ ఇయర్ దగ్గరపడే కొద్దీ మన ఇన్‌బాక్స్‌లోకి ఒక రకం మెయిల్స్ రావడం మొదలవుతుంది. మీ ప్రాజెక్టును ఇంటర్నేషనల్ జర్నల్‌లో వేస్తాం, మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, సర్టిఫికెట్ కూడా ఇస్తాం అని ఉంటుంది. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఫీజు. రెజ్యూమెలో ఒక లైన్ పెరుగుతుంది కదా అని కట్టేసేవాళ్ళూ ఉన్నారు. కానీ జర్నల్‌కి ఎడిటర్ అనే మనిషి ఎందుకు, ఆ మనిషి రోజూ కూర్చుని ఏం చేస్తాడు అన్నది మనకి ఎవరూ సరిగ్గా చెప్పరు. స్పెల్లింగులు దిద్దుతాడేమో అనుకుంటాం.

అందుకే ఈసారి సైన్స్ శీర్షికకి ఒక ఎడిటర్ కెరీర్‌ని తీసుకున్నాను. ఆయన పేరు చల్లా ఎస్.ఎస్.ఆర్. కుమార్. రంగం నానోటెక్నాలజీ. మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం, కెమిస్ట్రీ ఫస్ట్ ఇయర్‌తోనే వదిలేశాం, అయినా భయపడక్కర్లేదు. కావాల్సినంత కెమిస్ట్రీ ఇక్కడే చెప్పుకుందాం.

1. నానో అంటే ఎంత?

ఒక మీటరుని 100 కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటరు. మన డీఎన్‌ఏ తీగ వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని నానో పదార్థాలు అంటారు.

చిన్నగా ఉంటే ఏంటి గొప్ప? ఒక లెక్క చేద్దాం. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనం తీసుకోండి. దానికి ఆరు ముఖాలు, మొత్తం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక నానోమీటరు ఘనాలుగా కోసుకుంటూ పోతే పదార్థం అంతే ఉంటుంది, కానీ ఉపరితలం మొత్తం కలిపి 6,000 చదరపు మీటర్లు అవుతుంది. అంటే ఒకటిన్నర ఎకరా! మా రామసముద్రం వైపు ఒకటిన్నర ఎకరా టమాటా తోట అంటే ఎంత ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది. చక్కెర ముక్కంత వస్తువులో తోటంత ఉపరితలం దాగి ఉందన్నమాట. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే కాబట్టి, పదార్థం అదే అయినా ప్రవర్తన మారిపోతుంది. బంగారాన్నే చూడండి. నానో సైజులో నీళ్ళలో తేలుతుంటే ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపుకి కారణం బంగారపు అతి చిన్న కణాలే అని మైకేల్ ఫారడే 1857లోనే చెప్పాడు.

2. పుట్టపర్తి నుంచి బాటన్ రూజ్ దాకా

మదనపల్లె నుంచి కదిరి మీదుగా వెళ్తే పుట్టపర్తి వస్తుంది. అక్కడ 1981లో మొదలైన శ్రీ సత్యసాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హయ్యర్ లర్నింగ్‌లో కుమార్ గారు సింథటిక్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఉన్న మాక్స్ ప్లాంక్ బయోకెమిస్ట్రీ సంస్థలో పోస్ట్ డాక్టరల్ ఫెలోగా, ముల్‌హైమ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆహ్వానిత శాస్త్రవేత్తగా పనిచేశారు. మధ్యలో ఇండస్ట్రీలో ఎనిమిదేళ్ళు ఉన్నారు. ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్, యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీల్లో రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్. ఆ తర్వాతే అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన, బాటన్ రూజ్ నగరంలోని క్యామ్డ్ అనే సింక్రోట్రాన్ కేంద్రంలో చేరి నానో పదార్థాల విభాగం చూసుకున్నారు. తర్వాతి కాలంలో హార్వర్డ్ యూనివర్సిటీ వారి రోలండ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు.

ఈ దారిలో గమనించాల్సింది ఒకటుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ సంస్థ, కంపెనీ ల్యాబ్, ఫిజిక్స్ మెషీన్ ఉన్న కేంద్రం. నాలుగూ నాలుగు భాషలు మాట్లాడే చోట్లు. నానోటెక్నాలజీ కూడా అంతే, అది ఒక సబ్జెక్టు కాదు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ, మెడిసిన్ కలిసే కూడలి. ఆ కూడలిలో ట్రాఫిక్ చూసుకోవాలంటే అన్ని వైపుల నుంచి వచ్చే రోడ్లూ కొంచెం కొంచెం తెలిసుండాలి.

3. ల్యాబ్‌లో ఆయన పని

కుమార్ గారి పరిశోధనలో ముఖ్యమైన భాగం మైక్రోఫ్లూయిడిక్ రియాక్టర్లు. పేరు పెద్దది, ఐడియా సులువు. నానో కణాలు మామూలుగా ఒక గాజు పాత్రలో రసాయనాలు కలిపి చేస్తారు. కానీ పాత్రలో ఒక మూల త్వరగా కలుస్తుంది, ఇంకో మూల ఆలస్యంగా కలుస్తుంది. దాంతో కొన్ని కణాలు చిన్నవి, కొన్ని పెద్దవి అవుతాయి. నానోలో సైజు మారితే గుణమే మారుతుంది కాబట్టి ఇది పెద్ద సమస్య.

దీనికి పరిష్కారం, రసాయనాలను సన్నటి కాలువల్లో కొద్దికొద్దిగా ప్రవహింపజేసి అక్కడ కలపడం. మడికి నీళ్ళు వదిలితే మొదట్లో మొక్కలకి ఎక్కువ, చివర మొక్కలకి తక్కువ అందుతాయి. డ్రిప్ పైపు పెడితే ప్రతి మొక్కకీ దాదాపు సమానంగా అందుతాయి. మైక్రో రియాక్టర్ కూడా అలాంటిదే. ప్రతి చుక్కకీ దాదాపు ఒకే కలయిక, ఒకే వేడి, ఒకే సమయం.

4. జర్నల్ ఎడిటర్ ఏం చేస్తాడు?

2005లో అమెరికన్ సైంటిఫిక్ పబ్లిషర్స్ సంస్థ నుంచి జర్నల్ ఆఫ్ బయోమెడికల్ నానోటెక్నాలజీ మొదలైంది. దానికి వ్యవస్థాపక ప్రధాన సంపాదకుడు కుమార్ గారే.

ఎడిటర్ పని మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మెయింటెయినర్ పని. ఎవరో పుల్ రిక్వెస్ట్ పంపుతారు, అదే పేపర్. ఎడిటర్ ముందు తనే ఒకసారి చూస్తాడు. మన జర్నల్ విషయమేనా, కొత్తదనం ఉందా, కనీస ప్రమాణం ఉందా అని. అక్కడే చాలా పేపర్లు వెనక్కి పోతాయి. దాటినవాటిని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకి పంపుతాడు. వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. ఈ గ్రాఫ్‌కి కంట్రోల్ ఏది, ఈ ప్రయోగం ఎన్నిసార్లు చేశారు అని అడుగుతారు. రచయితలు జవాబు చెప్పి మార్చి పంపుతారు. చివర్లో మర్జ్ చేయాలా వద్దా అనేది ఎడిటర్ నిర్ణయం.

రివ్యూయర్లు ఓటర్లు కాదు, సలహాదారులు. ఇద్దరు బాగుంది, ఒకరు బాలేదు అన్నంత మాత్రాన పేపర్ పాస్ అయిపోదు. ఆ ఒక్కరి ప్రశ్న గట్టిదైతే ఎడిటర్ ఆపాలి. తన పేరు పెట్టి ఆపాలి. జర్నల్ మీద ఎడిటర్ పేరు అచ్చవుతుంది అంటే అర్థం అదే, ఈ నిర్ణయాలకి బాధ్యత నాది అని.

5. మూడు ఇండెక్సులు

నాకు అన్నిటికంటే నచ్చింది ఈ భాగం. జర్నల్‌కి పేపర్లు వాటంతటవే వస్తాయి. పుస్తక శ్రేణి అలా కాదు. ఏ అధ్యాయాలు ఉండాలో ఎడిటరే ముందు ఊహించాలి, ఎవరు రాయగలరో వెతకాలి, అడగాలి, రాయించాలి. ఒకరు రాసిందే ఇంకొకరు రాయకుండా, ముఖ్యమైనది వదిలిపోకుండా చూసుకోవాలి.

2005 నుంచి 2007 వరకు వైలీ వీసీహెచ్ ప్రచురించిన నానోటెక్నాలజీస్ ఫర్ ద లైఫ్ సైన్సెస్ అనే పది సంపుటాల శ్రేణికి కుమార్ గారు సంపాదకుడు. ఆ శ్రేణి అవసరాన్ని బట్టి విభజించినది. క్యాన్సర్ చికిత్సకి ఒక సంపుటం, క్యాన్సర్ గుర్తించడానికి ఒకటి, బయోసెన్సర్లకి ఒకటి, కణజాలం, అవయవాల ఇంజనీరింగ్‌కి ఒకటి.

2009 నుంచి అదే ప్రచురణ సంస్థలో నానోమెటీరియల్స్ ఫర్ ద లైఫ్ సైన్సెస్ అని ఇంకో పది సంపుటాలు. ఈసారి విభజన పదార్థాన్ని బట్టి. లోహాలు, ఆక్సైడ్లు, అయస్కాంత పదార్థాలు, సెమీకండక్టర్లు, కార్బన్, పాలిమర్లు, ఇలా.

2012 నుంచి స్ప్రింగర్ సంస్థలో మూడో వరస. ఇక్కడ విభజన కొలిచే సాధనాన్ని బట్టి. 2012లో రామన్ స్పెక్ట్రోస్కోపీ మీద, 2014లో ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ మీద, 2016లో ఎక్స్ రే, న్యూట్రాన్ పద్ధతుల మీద పుస్తకాలు వచ్చాయి.

డేటాబేస్ క్లాసులో విన్నవాళ్ళకి ఇప్పటికే తట్టి ఉంటుంది. టేబుల్ ఒకటే, ఇండెక్సులు మూడు. నాకు క్యాన్సర్ సమస్య ఉంది, నానోలో ఏం పరిష్కారం ఉంది అని వెతికే డాక్టర్‌కి మొదటి ఇండెక్సు. నా దగ్గర ఐరన్ ఆక్సైడ్ ఉంది, దీంతో ఏం చేయొచ్చు అనే కెమిస్ట్‌కి రెండోది. మా ల్యాబ్‌లో ఈ మెషీన్ ఉంది, దీంతో ఏం చూడొచ్చు అనే ఫిజిక్స్ మనిషికి మూడోది. ఇండెక్సు లేకపోయినా డేటా ఉంటుంది, కానీ దొరకాలంటే టేబుల్ అంతా గాలించాలి. వేల పేపర్లు పుట్టే రంగంలో దొరకని జ్ఞానం ఉన్నా లేనట్టే.

ఇంకో విషయం. మొదటి శ్రేణిలో 5వ సంపుటం నానో పదార్థాల విషప్రభావం, ఆరోగ్యం, పర్యావరణం గురించి. 6, 7 సంపుటాలు క్యాన్సర్ గురించి. అంటే, ఈ కణాలు మందుగా ఎలా పనిచేస్తాయో చదివే ముందు, అవి శరీరంలో ఏం హాని చేయగలవో అన్న పుస్తకం అరలో ముందే నిలబడి ఉంటుంది. అదీ చివర్లో చిన్న అధ్యాయంగా కాదు, పూర్తి సంపుటంగా. ఈ వరసకి నేను చదువుకున్న అర్థం ఇది. విషయసూచిక కూడా ఒక అభిప్రాయమే. ఏ ప్రశ్నకి ఎంత చోటు ఇవ్వాలి అన్న నిర్ణయం అందులో ఉంటుంది.

6. ఎడిటర్లు ఉన్నా మోసం దాటిపోతుంది

ఇంత ఏర్పాటు ఉన్నా తప్పుడు పేపర్లు రావా? వస్తాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త ఒక్క అణువు మందం ట్రాన్సిస్టర్ల గురించి సైన్స్, నేచర్ లాంటి పెద్ద జర్నల్స్‌లో వరసగా పేపర్లు వేశాడు. 2001లో సగటున ఎనిమిది రోజులకి ఒక పేపర్! 2002లో వేరే యూనివర్సిటీల శాస్త్రవేత్తలు ఒక విచిత్రం కనిపెట్టారు. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో చేశానన్న రెండు ప్రయోగాల గ్రాఫుల్లో నాయిస్ ఒకేలా ఉంది. వేర్వేరు సీడ్లతో రెండు ర్యాండమ్ వరసలు తీస్తే రెండూ అంకె అంకె సరిపోయినట్టు. అది జరిగే పని కాదు. విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయని చెప్పింది. ఉద్యోగం పోయింది. సైన్స్ 8 పేపర్లు, నేచర్ 7 పేపర్లు వెనక్కి తీసుకున్నాయి.

దీన్నిబట్టి పీర్ రివ్యూ దండగ అనుకోకూడదు. రివ్యూయర్ కాగితం మీద ఉన్నదాన్ని చూస్తాడు, ల్యాబ్‌కి వచ్చి చూడడు. అబద్ధం చెప్పాలనుకున్నవాడిని ఆ ఒక్క గేటు ఆపలేదు. కానీ పేపర్లు ఒకచోట, పేరుతో, గ్రాఫులతో అందరికీ అందుబాటులో ఉన్నాయి కాబట్టే రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడగలిగారు. వెనక్కి తీసుకునే ధైర్యం ఉన్న ఎడిటర్లు ఉన్నారు కాబట్టే తప్పు సరిదిద్దబడింది. డబ్బు తీసుకుని అన్నీ వేసే చోట ఈ రెండో అవకాశమే ఉండదు.

7. మన పేపర్ పంపే ముందు

నమ్మదగిన జర్నల్స్ జాబితాగా యూజీసీ కేర్ లిస్ట్ కొన్నేళ్ళు ఉండేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇక చూసుకోవాల్సింది కాలేజీలు, మనమే. నేను చూసుకోమని చెప్పేవి ఇవి:

ఎడిటర్ పేరు, పనిచేసే సంస్థ ఇచ్చారా? ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ మనిషి నిజంగా ఉన్నారా?

స్కోపస్‌లో ఉంది అని జర్నల్ చెప్పుకుంటే నమ్మకుండా, స్కోపస్ సైట్‌లోనే వెతికి చూడండి.

మూడు రోజుల్లో యాక్సెప్ట్ అంటే, ఇద్దరు రివ్యూయర్లు ఎప్పుడు చదివినట్టు?

ఫీజు ఉంది కదా అని ప్రతి జర్నల్‌నీ అనుమానించక్కర్లేదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ కూడా ఫీజు తీసుకుంటాయి. కానీ ఫీజు ఎంతో ముందే బయటికి చెప్తాయి, రివ్యూ అయ్యాకే అడుగుతాయి.

అందులో వచ్చిన రెండు పాత పేపర్లు చదవండి. మీ ఫ్రెండ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ కంటే బాలేకపోతే వదిలేయండి.

రివ్యూలో రిజెక్ట్ అయిన పేపర్‌కి కనీసం రెండు పేజీల ప్రశ్నలు వస్తాయి, ఊరికే. డబ్బు కట్టి కొన్న యాక్సెప్టెన్స్‌తో ఒక్క ప్రశ్న కూడా రాదు. ఇంటర్వ్యూలో మాత్రం ఆ ప్రశ్నలన్నీ వస్తాయి.

8. ఇంటిపని

మీకు బాగా తెలిసిన ఒక సబ్జెక్టు తీసుకోండి. మెషీన్ లెర్నింగ్ అయినా సరే, మీ ఊరి టమాటా సాగు అయినా సరే. దాని మీద తెలుగులో పది సంపుటాలు రావాలంటే ఆ పది పేర్లు ఏంటో వరసగా రాయండి. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్నది ఒక్కో వాక్యంలో చెప్పండి. క్లబ్‌కి పంపితే వచ్చే సంచికలో పక్కపక్కన పెట్టి వేద్దాం. ఒక్క షరతు. మీ సబ్జెక్టు వల్ల జరిగే నష్టం గురించి ఒక సంపుటం తప్పనిసరి. దానికి ఏ నంబర్ ఇస్తారో మీ ఇష్టం.