తరగతిలో వాదము

కళాశాలలో చేరిన మన పూర్వవిద్యార్థులు సెలవులకు వచ్చినపుడు తమ తరగతి చర్చలను గూర్చి గొప్పగా చెప్పుచుందురు. గంటసేపు కేకలు, బల్లలపై చరుపులు, పిమ్మట ఇరుపక్షములవారికిని నెలల తరబడి మాటలు లేకుండుట! ఇందలి గొప్ప యేమో మాకు బోధపడదు. అధ్యాపకునికి విసుగు మిగులును. విషయము తెలిసినవాడు వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండును. గొంతు గలవాడు గెలిచినట్లు తలంపబడును. మీలో ననేకులు త్వరలో అచ్చటికే పోవుదురు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బోధన మాతృభాషలో జరుగవలెనా, ఇంగ్లీషులో జరుగవలెనా యను విషయమును తీసికొందము. “చిన్న తరగతులలో లెక్కలు తెలుగున చెప్పిన త్వరగా తెలియును” అని యొకడనును. వెంటనే రెండవవాడు లేచి, “అట్లయిన ఇంగ్లీషు పుస్తకములన్నియు ఏటిలో పారవేయుదమా?” అనును. నవ్వులు, చప్పట్లు. మొదటివాడు పుస్తకముల మాటయే యెత్తలేదు. అయినను, తాననని మాటకు సంజాయిషీ చెప్పుకొనుటతోనే యతని గంట గడచిపోవును. అభిప్రాయభేదమువలన కోపము పుట్టునందురు గాని, తరచుగా నది పుట్టునది ఇచ్చటనే.

ఈ పోకడకు మన తర్కశాస్త్రమున పేరు కలదు. గౌతముని న్యాయసూత్రములు దీనిని ‘ఛలము’ అని పిలిచి, 3 విధములుగా విభజించినవి. పదమునకు రెండర్థములుండగా, చెప్పినవాడుద్దేశింపని యర్థమును పట్టుకొనుట వాక్ఛలము. ‘నవకంబళము గలవాడు’ అనగా క్రొత్త కంబళి గలవాడని భావము. సంస్కృతమున ‘నవ’ యనగా తొమ్మిది యనియు నర్థము గలదు గనుక, “వీనికి తొమ్మిది కంబళ్లెక్కడివి?” అని యడుగుట భాష్యకారుడగు వాత్స్యాయనుడిచ్చిన యుదాహరణము. మాటను హద్దు మీరి సాగదీయుట సామాన్యచ్ఛలము. పైని ఏటి పాలైన పుస్తకములు ఈ జాతివి. “ఊరంతయు నవ్వినది” యన్నచో, “ఇండ్లును చెట్లును నవ్వునా?” యనుట ఉపచారచ్ఛలము. ఇది మన యెనిమిదవ తరగతి పిల్లలకు ఎవరును నేర్పకయే వచ్చును!

ఆ గ్రంథమే చర్చను వాదము, జల్పము, వితండ యని 3 తెగలు చేసినది. నిజము తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపునకై, ఛలమును గూడ వాడుకొని చేయునది జల్పము. తన పక్షమును నిలుపక, ఎదుటివానిని ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. ఈ కడపటి మాట మన యిండ్లలో తిట్టుగా మిగిలినది గాని, దాని యర్థమును మరచితిమి. గురువుతోను సహాధ్యాయితోను చేయదగినది వాదమే. తక్కిన రెండింటికిని గౌతముడు చోటు లేదనలేదు. లేత మొలకను కాచుటకు ముండ్లకొమ్మలతో కంచె వేసినట్లు, తెలిసికొన్న నిజమును కాపాడుటకవి పనికివచ్చునన్నాడు. మన తరగతులలో కంచె బలముగానే యున్నది. లోపల మొలక యేదియని యడుగవలసియున్నది.

శాస్త్రగ్రంథములలో ముందు పూర్వపక్షము చెప్పి, పిదప సిద్ధాంతము చెప్పుట యాచారము. దానినే తరగతికి తేవచ్చును. మాటాడ లేచినవాడు, తనకు ముందు మాటాడినవాడేమి చెప్పెనో మొదట చెప్పవలెను; ఆతడు “ఔను, నేననినది ఇదియే” యన్న పిమ్మటనే తన జవాబు మొదలిడవలెను. ఒక తరగతిలో ఈ నియమము పెట్టి చూడగా, మొదటి దినమున మువ్వురు మాత్రమే మాటాడగలిగిరి. వారిలో నొకడు వెనుక బల్లవాడు.