‘ఒక్క నిమిషం అమ్మా!’ - ఆన్‌లైన్ ఆట ఎందుకు ఆగదు?

రాత్రి ఎనిమిదిన్నర. కోదాడలో మా చెల్లెలి ఇంట్లో అన్నం వడ్డించారు. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు లోపలి గదిలోంచి “ఒక్క నిమిషం అమ్మా!” అంటాడు. ఆ నిమిషం ఇరవై నిమిషాలవుతుంది. పప్పుచారు చల్లారిపోతుంది. “నిమిషానికి ఎన్ని సెకన్లని మీ బళ్లల్లో చెప్తున్నరన్నయ్యా?” అని ఆమె నాకు ఫోను చేసి నిష్ఠూరమాడుతుంది.

మీ ఇంట్లోనూ ఈ ముచ్చట జరిగే ఉంటుంది. తప్పు ఎవరిదో తేల్చే ముందు మనం ఒక సైన్సు ప్రశ్న వేసుకుందాం. ఫోనులో చూసే సినిమాను మధ్యలో ఆపవచ్చు. ఒక్కరే ఆడుకునే ఆటనూ ఆపవచ్చు. మరి పదిమందితో కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట ఎందుకు ఆగదు?

ఒక్కరే ఆడుకునే ఆటలో కాయలు, పాయింట్లు, గడియారం అన్నీ మీ ఫోనులోనే ఉంటాయి. మీరు ఆపితే అన్నీ ఆగుతాయి. పదిమంది ఆటలో అలా కాదు. అసలు ఆట మీ ఫోనులో లేనే లేదు! అది సర్వరు అనే దూరపు కంప్యూటరులో నడుస్తోంది. కబడ్డీ పోటీలో బల్ల దగ్గర కూర్చుని పాయింట్లు రాసే పెద్దమనిషిని చూశారు కదా? సర్వరు అటువంటిది. ఆటగాళ్లందరి ఫోనులూ తాము చేసింది దానికి చెబుతాయి. అది లెక్క కట్టి, “ఇప్పుడు ఆట ఇలా ఉంది” అని అందరికీ తిరిగి చెబుతుంది. మీ ఫోను తెరమీద కనిపించేది ఆ లెక్కకు గీసిన బొమ్మ మాత్రమే. బొమ్మను మూసేసినంత మాత్రాన లెక్క ఆగదు. మావాడు ఆడే బీజీఎంఐలో ఒక్కో పోటీ నూరుమందితో మొదలై దాదాపు అరగంట సాగుతుంది. నలుగురేసి ఒక జట్టు. వాడు అన్నానికి లేచి వస్తే వాడి బొమ్మ అక్కడే నిలబడిపోతుంది, మిగిలిన ముగ్గురూ దెబ్బతింటారు. అంచేత వాడి ‘ఒక్క నిమిషం’ పూర్తిగా అబద్ధం కాదు. అయితే పోటీ మొదలు పెట్టేటప్పుడే అది అరగంట పడుతుందని వాడికి తెలుసు. అన్నం వేళ ఎప్పుడో కూడా తెలుసు! ఇప్పుడు వాళ్లింట్లో ఒక ఒప్పందం కుదిరింది. పోటీ మొదలుపెట్టే ముందు వాడు వంటింట్లోకి వచ్చి అడగాలి. కొన్నాళ్లు బాగానే నడిచింది, మళ్లీ కొన్నాళ్లు నడవలేదు. ఒప్పందాల సంగతి మీకు తెలిసిందే.

ఈ ఆటల రెండో ముఖం నేను 2020లో చూశాను. ఆ మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నేను సూర్యాపేటలో, చెల్లెలు కోదాడలో, మా అమ్మ మిర్యాలగూడలో ఒక్కతే. మామూలు రోజుల్లో బస్సెక్కితే గంట, గంటన్నర దూరాలే. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్టు ప్రాంతంలో కరోనా కేసులు పెరిగాక మేము గడప దాటడమే గగనమైంది. అప్పుడు డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు అందరి ఫోనుల్లోనూ ‘లూడో కింగ్’ పెట్టించింది. నవీ ముంబైకి చెందిన గేమెషన్ సంస్థ 2016లో విడుదల చేసిన ఆట ఇది. నాలుగు రంగులు, నలుగురం. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆట.

మనకు రాత్రి ఎనిమిదైతే డల్లాస్‌లో ఎంత? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన ప్రామాణిక రేఖాంశం 82.5 డిగ్రీల తూర్పు. వాళ్లది 90 డిగ్రీల పడమర. మొత్తం తేడా 172.5 డిగ్రీలు. 15తో భాగిస్తే పదకొండున్నర గంటలు. అంటే అక్కడ అదే ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. వేసవిలో వాళ్లు గడియారాలను గంట ముందుకు తిప్పుకుంటారు కనుక తొమ్మిదిన్నర. మేము అన్నాలు తిని కూర్చుంటే ఆ అమ్మాయి పళ్లు తోముకుని కూర్చునేది.

ఒక ఆదివారం మా అమ్మ వంతు వచ్చింది. పాచిక పడలేదు. ఆమె బొమ్మ చుట్టూ సమయం చూపే గీత తరిగిపోయింది, వంతు దాటిపోయింది. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ దాటిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. నా చేతులు చల్లబడ్డాయి. పక్కింటివాళ్లకు ఫోను చేసి, తలుపు కొట్టమని అడిగాను. తీరా చూస్తే ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్లి, అక్కడే గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది! ఇందులోనూ సైన్సు ఉంది. సర్వరుకు తెలిసేది ఒక్కటే: సందేశం రాలేదని. మనిషి పడిపోయిందా, పాలు పొంగాయా, సిగ్నలు పోయిందా అన్నది దానికి తెలియదు. అందుకే కొంత గడువు పెట్టుకుని, అది దాటగానే మరొకరికి వంతు ఇచ్చేస్తుంది. పక్కింటి తలుపు కొట్టడం మనుషులు చేయవలసిన పని.

ఇంకొక వింత గమనించండి. సూర్యాపేటలో నేను వేసిన పాచిక కోదాడకు నేరుగా పోదు, సర్వరు దగ్గరికి వెళ్లి రావాలి. ఆ సర్వరు ముంబైలో ఉందనుకుందాం. తీగ దారి వెయ్యి కిలోమీటర్లనుకుందాం. కాంతి శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాని, గాజు తీగలో సుమారు 2 లక్షలే. అంటే ముంబై చేరడానికి సెకనులో 200వ వంతు చాలు. డల్లాస్ నుంచి సముద్రం అడుగు కేబుళ్ల మీదుగా 20 వేల కిలోమీటర్ల దారి అనుకుంటే, రావడానికి సెకనులో పదో వంతు, రానూ పోనూ ఐదో వంతు. దారిలో టవర్ల దగ్గర, కూడళ్ల దగ్గర ఆగి ఆగి వెళ్లాలి కాబట్టి వాస్తవంలో ఇంకాస్త ఎక్కువే.

సెకనులో ఐదో వంతు ఎక్కువా, తక్కువా? మీరే కొలవండి. స్నేహితుడిని 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమనండి. దాని అడుగున, సున్నా దగ్గర, మీ వేళ్లు తాకకుండా ఉంచండి. చెప్పకుండా వదలమనండి. పట్టుకోండి. సుమారు 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన సమయం సెకనులో ఐదో వంతు. (దూరం = ½ × g × t² అన్న సూత్రంలో వేసి చూడండి.) అంటే డల్లాస్ దూరం మన చురుకుదనంతో సమానమైన ఆలస్యాన్ని కలుపుతుంది. లూడోలో ఈ తేడా ఎవరికీ తెలియదు. తుపాకుల ఆటలో ప్రాణం పోతుంది - బొమ్మ ప్రాణమే లెండి. దాన్ని కప్పిపుచ్చడానికి అటువంటి ఆటల్లో ఫోను “వీడు ఇటే పరుగెడతాడు” అని ముందే ఊహించి బొమ్మ గీస్తుంది. సర్వరు లెక్క వేరుగా వస్తే బొమ్మను సరిచేస్తుంది. ఆడుతుంటే మీ మనిషిని ఎవరో వెనక్కి గుంజినట్టు అనిపించేది అందుకే.

మా అమ్మకు మాత్రం ఈ ఆలస్యాల గొడవ లేదు. ఆమె ఫిర్యాదు వేరు. “ఏందిరా, ఈ ఫోనుకు నా మీద పగ ఉన్నదా? ఒక్క ఆరూ పడదు!” నిజంగా పగ ఉందా? లెక్క వేద్దాం. పాచిక సరైనదైతే ఒక్కసారికి ఆరు పడకపోయే అవకాశం 6లో 5 వంతులు. మొదటి పది వేతల్లో ఒక్కసారీ పడకపోయే అవకాశం అయిదారో వంతును పదిసార్లు గుణిస్తే వస్తుంది: నూటికి సుమారు 16. ఇది ఒక మనిషికి. నలుగురిలో ఎవరో ఒకరికి అలా జరిగే అవకాశమో? నూటికి 50! అంటే సుమారు రెండాటల్లో ఒకదానిలో ఎవరో ఒకరు పది వేతలు వేసినా కాయ బయటపడక ఏడుస్తూ కూర్చుంటారు. ఫోనుకు పగ అక్కర్లేదు. ఇది చెబితే అమ్మ విన్నది. “అయితే ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ నేనే ఎందుకైతున్న?” అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట వేరే జాతి. తెలంగాణ 2017లోనే దాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మా ఆటలో పందెం, ఓడినవాళ్లు మరుసటి ఆదివారం పాట పాడటం వరకే. ఇక ఆట మీద అదుపు తప్పి చదువు, నిద్ర, ఇల్లు అన్నీ వెనక్కి పోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమలులో ఉంది. సాధారణంగా ఏడాది పాటు అలా సాగితేనే ఆ పేరు పెడతారు. ఒకరోజు పప్పుచారు చల్లారితే అది జబ్బు కాదు.

లూడో ఇంగ్లండులో పేటెంటు పొందింది 1896లో. దాని మూలం మన పచ్చీసే. మా అమ్మ చిన్నప్పుడు ఆడింది అష్టా చెమ్మా. ఇప్పటికీ ఆమె తెర మీద వేలు పెట్టే ముందు గుప్పిట బిగించి గవ్వలు ఊపినట్టు ఊపుతుంది. మీరూ నాలుగు చింతపిక్కలు తెచ్చి ఒకవైపు తెల్లగా అరగదీయండి. నాలుగూ తెలుపు పడితే చెమ్మా, నాలుగూ నలుపు పడితే అష్టా. 160 సార్లు వేసి రాసుకోండి. రెండు వైపులకూ సమాన అవకాశం ఉంటే అష్టా సుమారు పదిసార్లు పడాలి. తర్వాత గవ్వలతో వేయండి. అంకె మారితే, ఎందుకు మారిందో గవ్వను చేతిలోకి తీసుకుని, తిప్పి చూడండి.