ఎన్నవ నెలలో సోకినది?

గ్రామమున జ్వరములు వ్యాపించినపుడు పంచాయతీ సభ్యులు ‘ఏ వ్యాధి?’ అని విచారింతురు. గర్భిణి విషయమున ‘ఎన్నవ నెల?’ అనియు విచారింపవలసియున్నది.

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను కంటి వైద్యుడు, తానును తోడి వైద్యులును చూచిన 78 మంది శిశువులను గూర్చి వెల్లడించెను. వారందరును కంటి శుక్లములతో పుట్టినవారు. పెక్కుమందికి గుండె లోపము కూడ ఉండెను. ముసలితనమున రావలసిన శుక్లములు పసిబిడ్డల కెట్లు వచ్చెను? విచారింపగా, ఆ తల్లులలో దాదాపు అందరికిని గర్భము తొలి మాసములలో రుబెల్లా సోకినట్లు తేలెను. సన్నని దద్దురులతో మూడు నాళ్లలో తగ్గిపోవు స్వల్ప జ్వరమది. కాని శిశువునకు కన్ను, చెవి, గుండె రూపొందు దినములును అవియే.

తొలి వారములలో తల్లికి రుబెల్లా సోకినచో శిశువునకు చేరు అవకాశము 100కి 90 వరకు గలదు. 20 వారములు దాటిన పిదప అంగలోపములు అరుదు. చిక్కేమనగా, ఆ తొలి వారములలో గర్భవార్త ఇంటివారికే తెలియదు. గర్భిణికి ఈ టీకా వేయరాదు గనుక బాల్యముననే వేయింపవలెను. మన రాష్ట్రమున 2017 ఆగస్టులో 15 ఏండ్లలోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకాలు వేసిరి. ఇప్పుడు శిశువునకు 9 నెలలు నిండిన పిదప ఒకటి, 16-24 నెలల నడుమ రెండవది ఉచితముగా వేయుచున్నారు. పులికాట్ సరస్సులోని ఇరకం దీవి వంటి చోట్ల పడవ తప్పినచో టీకా దినము కూడ తప్పును. అట్టి బిడ్డల పేర్లు వార్డు సభ్యునికి తెలిసియుండవలెను.

ఆటలమ్మ ప్రసవమునకు 5 దినములు ముందు మొదలు 2 దినముల తరువాత వరకు తల్లికి పోసినచో పసికందుకు ప్రమాదము. అమ్మవారికి మ్రొక్కుకొనవచ్చును, వైద్యునికి చెప్పుట మాత్రము మానరాదు.

కామెర్లు కలిగించు హెపటైటిస్-ఇ త్రోవ వేరు. ఇది నెలలు నిండుకొలది భయంకరము. చివరి మూడు నెలలలో సోకిన గర్భిణులలో 100కి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చును. మలము కలిసిన నీటివలన ఇది వచ్చును గనుక, ఇచట తొలి బాధ్యత వైద్యునిది కాదు, పంచాయతీదే. మురుగుకాలువలో పగిలిన కుళాయి గొట్టమొక్కటి చాలును. సరస్సు తీరమున నీరు ఉప్పన. ఊరంతకు ఒకే మంచినీటి ట్యాంకు ఉన్నచోట అది చెడినచో వేరు దారి లేదు. ఊరిలో ఒకరికి కామెర్లు కనబడిన దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలిపి, గొట్టములు పరీక్షింపజేసి, ట్యాంకు కడిగించి క్లోరిన్ కలిపించి, గర్భిణులున్న ప్రతి ఇంటికిని కాచి చల్లార్చిన నీరే త్రాగుమని ఆశా కార్యకర్తచే చెప్పింపవలయును.