దారి కోసం పెట్టే ఆ సంతకం

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన పొలం దారి తగాదాల్లో ఒకే రకం కాగితం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. పక్క రైతు బాటకు ముళ్లకంప అడ్డం వేస్తాడు. పెద్దమనుషులు కూర్చుంటారు, లేదంటే పోలీస్ స్టేషన్‌లోనే పంచాయితీ అవుతుంది. చివరికి స్టాంపు కాగితం మీద ‘మీరు అనుమతించినందున మీ పొలంలోంచి నడుస్తాను’ అని రాయించి సంతకం తీసుకుంటారు. దారి తెరుచుకుంది కదా అని మనవాడు ఇంటికెళ్లిపోతాడు. హక్కు పోయేది అక్కడే.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం పక్కవారి భూమిలోంచి 20 ఏళ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా హక్కుగా నడిస్తే ఆ దారి మీద హక్కు వస్తుంది. ప్రభుత్వ భూమైతే 30 ఏళ్లు. ఒకరి అనుమతితో నడిచిన కాలం ఈ లెక్కలోకి రాదు. పైగా ఆ 20 ఏళ్ల అనుభవం దావాకు ముందు రెండేళ్లలోపు దాకా సాగి ఉండాలి. అడ్డు పెట్టారని తెలిసి కూడా ఏడాదిపాటు ఊరుకుంటే, అది కూడా ఆటంకమే.

మొన్న వచ్చిన రైతుది సరిగ్గా ఇదే కథ. తాతల నాడు ఎడ్లబండి వెళ్లిన గట్టు మీదే ఇప్పుడు ఆయన ట్రాక్టర్ వెళుతోంది. పక్క చేను కొన్న కొత్త ఆసామి కంచె వేశాడు. మూడేళ్ల కిందట రాజీ అయింది, ఈయన సంతకం పెట్టాడు. ఈసారి వరికోత మిషన్ వచ్చే వేళకు గేటుకు తాళం పడింది. ‘నలభై ఏళ్లుగా నడుస్తున్నామండీ’ అంటాడు. నడిచారు, నిజమే. కానీ చివరి మూడేళ్లు అవతలివాళ్ల అనుమతి మీద నడిచినట్టు ఆయనే రాసిచ్చాడు. అవతలి వకీలు కౌంటర్‌కు మొదట జతచేసింది ఆ కాగితాన్నే.

ఇలాంటి రాతలు రాయించి ‘సమస్య పరిష్కారమైంది’ అని చేతులు దులుపుకునే అధికారుల మీద నాకు కోపం వస్తుంది. గ్రామ నక్షాలో డొంక ఉంటే దాన్ని తెరిపించడం తహసీల్దారు పని. అది చేయరు. ప్రైవేటు దారి హక్కు తేల్చాల్సింది సివిల్ కోర్టు. అందులో మాత్రం వేలు పెడతారు.

రాజీ వద్దని నేను అనను. ‘అనుమతి’, ‘మీరు వద్దనే వరకు’ అని ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. రాసుకుంటే ఈజ్‌మెంట్ హక్కు ఇస్తున్నట్టే రాయించండి. రెండు పొలాల సర్వే నంబర్లు, దారి వెడల్పు, ప్లాను, ఇద్దరి వారసులకూ కొనుగోలుదార్లకూ వర్తిస్తుందన్న షరతు అందులో ఉండాలి. దాన్ని రిజిస్టర్ చేయించండి. సంతకానికి ముందే వకీలుకు చూపించండి, తర్వాత కాదు.

ఆ రైతుకు ఇప్పుడు మిగిలింది 13వ సెక్షన్. పాత దస్తావేజులు తిరగేస్తే రెండు చేలూ ఒకప్పుడు ఒకే కుటుంబానివని తేలింది. పంపకంలో లోపలి వాటాకు వేరే దారి లేకపోతే, 20 ఏళ్లతో పని లేకుండానే అవసరార్థపు దారి హక్కు వస్తుంది. కానీ చుట్టు తిరిగి వెళ్లే దారి ఉన్నా ఈ హక్కు నిలవదు. కాలవ గట్టు ఉందిగా అంటున్నారు అవతలివాళ్లు. ఆ గట్టు మీద ట్రాక్టర్ పడుతుందో లేదో కొలిచి చూడమని అడ్వకేట్ కమిషనర్ కోసం పిటిషన్ వేశాం.