ఎక్కడ అని అడిగేముందు ఎప్పుడు అని అడుగు

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చూసుకుంటున్న బిల్డింగులో ఐదో అంతస్తు బాత్‌రూమ్ కప్పు కారుతోందని ఆరో అంతస్తు వాళ్ళ టైల్స్ పగలగొట్టించారనీ, కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయించాక కూడా చుక్క ఆగలేదనీ, ఇప్పుడు కాంట్రాక్టరు ఏడో అంతస్తు తవ్వుదామంటున్నాడనీ రాశావు. కమిటీ మీటింగులో అందరి ముందూ నిన్ను నిలబెట్టి అడిగిన సంగతి మాత్రం నువ్వు రాయలేదు, మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నావని కూడా చెప్పి ఏడ్చింది. ఆ విషయానికి తర్వాత వస్తాను. ముందు ఆ గునపం కింద పెట్టించు. ఏడో అంతస్తులో ఒక్క టైలు కూడా లేపనివ్వకు.

నీ ఉత్తరమంతా వెతికాను తల్లీ. చుక్క ఎక్కడ పడుతోందో వివరంగా ఉంది, బొమ్మ కూడా గీశావు. ఎప్పుడు పడుతోందో మాత్రం ఒక్క ముక్క లేదు. నా బెంగంతా అదే.

పెద్ద బిల్డింగులో నీళ్ళు కనబడే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. శ్లాబులో వేసిన కరెంటు పైపులోకి ఏ మూలో దిగిన నీరు, ఆ పైపు వెంటే పక్క గది దాకా పోయి ఫ్యాన్ బాక్సు దగ్గర కారుతుంది. అలా ఫ్యాను దగ్గరో లైటు దగ్గరో తడి కనబడితే ముందు ఆ గది ఎంసీబీ దింపించు, మిగతా పనులన్నీ ఆ తర్వాతే. డక్టులో పైపు వీపు పట్టుకుని జారిన నీరు అంతస్తులు దాటి ఎవరింట్లోనో తేలుతుంది. కాబట్టి మరక పైన ఉన్న ఇల్లే దోషి అనుకోవడానికి వీల్లేదు.

వేళ అలా మోసం చెయ్యదు. రాత్రీ పగలూ ఒకే తీరున కారుతోందా, అది ఎప్పుడూ ప్రెషరులో ఉండే సప్లై లైను. పొద్దున స్నానాల వేళ పెరిగి మధ్యాహ్నానికి సన్నగిల్లుతోందా, అది డ్రెయిను, ముఖ్యంగా నేలలో నీళ్ళు దిగే నాని ట్రాపు చుట్టూ ఉండే జాయింటు. వాన పడిన కొన్ని గంటలకు మొదలై, వాన వెలిశాక కూడా సాగుతోందా, బయటి గోడ చూడు, ఇటుక గోడ బీమును కలిసే చోట వచ్చే సన్నటి పగులు చూడు. వేసవి రాత్రుల్లోనే వస్తుంటే ఏసీ నీటి పైపు. ఇవన్నీ మొదటి అనుమానాలే, తీర్పులు కావు. అయినా వీటితో మొదలుపెడితే వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి.

1986లో, ఆగస్టులో గోదావరికి ఆ పెద్ద వరద వచ్చిన ఏడాది, నేను రాజమండ్రిలో ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. ఒక మూడంతస్తుల ఆఫీసులో పై అంతస్తు గది కప్పు కారుతోందని టెర్రస్ మీద సున్నపు పొర అంతా లేపేశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ కారింది. అప్పుడొక ముసలి మేస్త్రీని పిలిచారు. మనిషి పొట్టి, చెవికి పోగు, ఎప్పుడూ తలకి తుండుగుడ్డ. ఆయన పైకి ఎక్కనేలేదు. ఆ గదిలో స్టూలు వేయించుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకుని నాకూ సగం పెట్టాడు. పులస దొరికే రోజులు కావు, ఏదో చిన్న చేపల పులుసు, ఇప్పటికీ ఆ రుచి నోట్లో ఉంది. సాయంత్రం లేచి, మోటారు ఎన్ని గంటలకు వేస్తారని వాచ్‌మన్‌ని అడిగాడు. మోటారు వేసిన కాసేపటికల్లా చుక్క మొదలవుతోందని ఆయన కనిపెట్టాడు. ట్యాంకు నిండి పొర్లిన నీరు దాని దిమ్మె మొదట్లో ఉన్న పగులులోకి దిగుతోంది. టెర్రస్‌కి ఏ జబ్బూ లేదు. ఆయన దగ్గర ఉన్న పనిముట్లు ఒక స్టూలూ, ఓపికా. నేను ఈ వృత్తిలో నేర్చుకున్నదంతా ఆ గదిలోనే మొదలైంది.

అందుకని ఇవాళే ఒక నోటుబుక్కు కొను. తేదీ, గంట, నిమిషానికి ఎన్ని చుక్కలు, ఆ పూట వాన ఉందా, మోటారు నడిచిందా, పై ఇంట్లో ఎవరైనా ఉన్నారా. ఇంతే రాయించు. ఐదో అంతస్తు పెద్దావిడ రోజంతా ఇంట్లోనే ఉంటుందని రాశావు కదా, ఆవిడనే అడుగు. నీ మీద కోపంగా ఉందంటున్నావు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, అమ్మా మీ సాయం కావాలి అని అడిగితే ఆవిడ నీకన్నా శ్రద్ధగా రాస్తుంది.

ఈ చుక్కల లెక్క ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. మీది సంకెన్ శ్లాబు బాత్‌రూమ్. టైల్స్ కింద అడుగు లోతు గుంతలో ఇటుక ముక్కలో కాలిన బొగ్గు చిట్టెమో నింపి ఉంటారు. ఏళ్ళ తరబడి కారిన నీరు ఆ గుంతలో తొట్టిలా నిలిచి ఉంటుంది. పైన లీకు మూసేసినా ఆ నీరు కిందికి దిగిపోవడానికి వారాలు పడుతుంది. ఆరో అంతస్తులో గుంత నింపుడంతా తీయించారా, లేక టైల్స్ మాత్రం లేపి పైపైన కెమికల్ పూశారా? పైపైన పూస్తే తడిని లోపలే పెట్టి మూత వేసినట్టే. అదెటూ పైకి ఆరదు కనుక కిందికే వస్తుంది. నీ రిపేరు ఫలించే ఉండవచ్చు అమ్మడూ! రోజూ ఒకే గంటకు లెక్కపెట్టు. చుక్కలు వారం వారం తగ్గుతున్నాయంటే ఇంకేమీ తవ్వవద్దు, ఆగాలి. తగ్గకపోతేనే పరీక్షలు.

పరీక్షల్లో ఒక వరస పాటించు. ఆరో అంతస్తు వాల్వు రాత్రికి కట్టేయించి, తెల్లవారి లెక్క చూడు. ఆ తర్వాత చేతి పంపు పెట్టి లైనుకి ప్రెషరు ఎక్కించి, గేజీ ముల్లు దిగుతుందేమో చూడు. ట్యాంకుకి ప్రతి పది మీటర్లు కిందికి సుమారు ఒక బార్ ప్రెషరు పెరుగుతుంది, అందుకే అదే సన్నటి చిల్లు కింది అంతస్తుల్లో ఎక్కువ నీరు వదులుతుంది. సప్లై బాగుంటే డ్రెయిను. నాని ట్రాపులో ఒక రంగు నీళ్ళు, వాష్‌బేసినులో ఇంకో రంగు పోయించి, కింద ఏ రంగు తేలుతుందో చూడు. ఆఖరున ట్రాపు మూసి రెండంగుళాల నీరు నిలబెట్టి, గోడ మీద పెన్సిలు గీత గీసి ఒక రోజు వదులు. బయటి గోడ మీద నీళ్ళు కొట్టించాల్సి వస్తే కింది నుంచి పైకి కొట్టించు. పై నుంచి మొదలుపెడితే జారిన నీరు కింది పగుళ్ళన్నిట్లోకీ పోయి, దేన్లోంచి వచ్చిందో తేలదు.

చుక్క నీటిని సీసాలో పట్టి టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, చూశానని రాశావు. మంచి పని చేశావు. అయితే కాంక్రీటు గుండా దిగిన నీటిలో సున్నం కలుస్తుంది, అంకె పెరుగుతుంది. అంకె బాగా తక్కువ వస్తే అది బోరు నీరు కాదని ధైర్యంగా అను. ఎక్కువ వస్తే ఏమీ అనకు. థర్మల్ కెమెరా వాళ్ళ సంగతీ అంతే. ఆ కెమెరాకి నీరు కనబడదు, గోడ పైన వేడిలో తేడా కనబడుతుంది. అది తడి వల్లా, ఏసీ చలువ వల్లా అన్నది మనిషే తేల్చాలి. పిలిపించు, కానీ నోటుబుక్కు నిండాకే పిలిపించు.

అలాగని సాగదీయనూ వద్దు. సెకనుకో చుక్కయినా రోజుకి నాలుగు లీటర్ల పైనే. ఆ తడికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పెచ్చులుగా తోసేస్తుంది. కప్పు మీద గోధుమరంగు గీతలు కనబడితే నాకు ఆ రోజే ఫోన్ చెయ్యి.

ఇక ఉద్యోగం మాట. మీటింగులో నిన్ను అడిగినవాళ్ళు రాత్రి చుక్కల చప్పుడుకి నిద్ర లేనివాళ్ళు, అంతకు మించి వాళ్ళకి నీ మీద పగ లేదు. వచ్చే మీటింగుకి నోటుబుక్కుతో వెళ్ళు. మానేయాలనిపిస్తే ఈ లీకు తేలాక మానెయ్యి, నేను అడ్డు చెప్పను, మీ అమ్మకీ నేనే చెబుతాను. వేళకి తింటున్నావా? చిన్నప్పుడు తాతయ్య ఇంట్లో జ్వరంలో కూడా లెక్కలు చేస్తానని మొండికేసిన పిల్లవి నువ్వు, నీకు భయం పనికిరాదు. అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతోంది, వాచ్‌మన్ దగ్గర తీసుకో.

ఆరో అంతస్తు వాళ్ళ బాత్‌రూమ్ పగిలిన టైల్స్‌తో ఉందన్నావు. ముందు నువ్వే వెళ్ళి వాళ్ళని పలకరించు, ఏ తారీఖుకి బాగుచేయిస్తావో కాగితం మీద రాసివ్వు. వచ్చే ఆదివారానికి నోటుబుక్కు పేజీలన్నీ ఫోటోలు తీసి నాకు పంపు. అవి చూసే దాకా ఏడో అంతస్తు జోలికి ఎవరినీ పోనివ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య